గోపురం, తాడిచెట్టు, ఎలీసమ్మ

చచ్చినవాళ్ల ఎముకలు చూసి వాళ్లు బతికిన బతుకు చెప్పే చదువొకటి ఉందంటే పాపారావు మొదట నమ్మలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూసి లోపల ఏముందో చెప్పలేని లోకం ఇది. మట్టిలో వందల ఏళ్లు నానిన దవడను చూసి ఏం చెబుతారు?

గాయత్రి చెప్పేది. ఆవిడ యూనివర్సిటీ నుంచి వచ్చిన మనిషి. ఎండకు కమిలిన మొహం, మోకాళ్ల దాకా బురద. ఏటి నడుమ ఉన్న మొగలిలంక ఎగువ మొన ఏటేటా కోతపడి ఏట్లో కలిసిపోతుంటే, తెగిన చోట మనుషుల ఎముకలు బయటపడ్డాయి. ఈనాటివి కావు. మోకాళ్లు ముడుచుకుని, పక్కకు తిరిగి, తల దగ్గర మట్టి ముంత పెట్టుకుని పడుకున్నవాళ్లవి. ఐదారు వందల ఏళ్ల కిందటి లంకవాళ్లు అయ్యుంటారని ఆవిడ అంచనా. ఏరు మింగేలోపల వాళ్లెవరో, ఏం తిన్నారో, ఏ పని చేసుకు బతికారో తెలుసుకోవాలని పర్మిషన్లు తెచ్చుకుంది. నీళ్లు తగ్గే కాలంలో వస్తుంది. వరద నీళ్లు రాకముందే వెళ్లిపోతుంది. రేవు నుంచి లంకకి ఆవిడను దాటించే పడవ పాపారావుది.

మొదటిరోజే అడిగాడు.

“పోయినోళ్లని కదపడం పాపం కాదాండీ?”

“ఏట్లో పడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం పుణ్యమంటారా?” అంది గాయత్రి.

జవాబు బాగుంది. అందుకే అతనికి నచ్చలేదు.

ఒకరోజు ఓ చేతి ఎముక తెచ్చి చూపించింది. భుజానికీ మోచేతికీ మధ్య ఉండే ఎముక. కండ అతుక్కునే చోట గరుకుగా గట్టుకట్టి ఉంది.

“ఈయనా మీలాంటివాడేనండీ. కుర్రతనం నుంచీ పడవకి గెడ వేసుంటాడు. చూడండి, రెండో చేతి ఎముక కంటే ఇది ఎంత లావుందో.”

ఆవిడ అటు తిరిగాక పాపారావు తన కుడి భుజం తడిమి చూసుకున్నాడు.

ఇంకోరోజు పళ్ల సంగతి వచ్చింది. “చిన్నప్పుడు తాగిన నీళ్ల జాడ పన్నులో ఉండిపోతుందండీ. పోయినేడు పట్టుకెళ్లినవి పరీక్ష చేయించేం. ఆడవాళ్లంతా ఈ ఏటి నీళ్లు తాగి పెరిగినవాళ్లే. మగవాళ్లలో కొందరివి మాత్రం వేరే నీళ్లు. పై ఊళ్లనుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయినవాళ్లు.”

“ఇల్లరికం అల్లుళ్లండి,” అంది చిట్టి మట్టి తట్ట దింపుతూ. “మా పాపారావు పెదనాన్న లాగాను.”

చిట్టిది అవతలి ఒడ్డున కాలనీ. పుట్టింది లంకలోనే. గాయత్రి దగ్గర మట్టి మోసే కూలీల్లో ఒకతె. తట్ట ఆగినా నోరు ఆగదు.

“ముందు తట్ట మొయ్యవే,” అన్నాడు పాపారావు. కాని ఆ మాట అతన్ని వదల్లేదు. ముక్తేశ్వరం కాలవ నీళ్లు తాగి పెరిగినవాడు తను. ఎప్పుడో ఎవరో తన పన్ను చూసినా, ఇతను లంకవాడు కాదని చెప్పేస్తారన్నమాట. బతికుండగా ఆ మాట అన్నవాళ్లు చాలరా?

*

అతను లంకకి అల్లుడుగా వచ్చేనాటికి అక్కడ ఊరుండేది. తాటాకు ఇళ్లు, మధ్యలో ఇసుక బాటలు, వాటి పక్క దోస పాదులు, పొగాకు తోటలు. తెల్లారితే అన్ని అరుగుల మీదా ఒకటే చప్పుడు, తుంగ చీలుస్తున్న చప్పుడు. లంక ఆడవాళ్లు చాపలు అల్లేవారు. తుంగకాడ ఒక కొస పంటికింద బిగించి, రెండో కొసను గోటితో విడదీసి, సర్రున లాగేవారు. పచ్చి తుంగ వాసన ఊరంతా పట్టేది. ఆ వాసన బట్టలకు ఉండేది, అన్నానికి ఉండేది, పక్కలో పడుకున్న ఎలీసమ్మ చేతులకూ ఉండేది.

ఎలీసమ్మ అతని భార్య. ఆవిడ ఎడమవైపు పై పన్ను మీద సన్నని గాడి ఒకటి ఉండేది. చిన్నతనం నుంచీ తుంగ లాగి లాగి పన్ను అరిగింది. నవ్వితే కనపడేది.

“మీ అక్క పంటి మీద కాలవ తవ్వేరు చూసేవా?” అనేవాడు బావమరిది సుభాష్‌తో. “దానికి లాకులొక్కటే తక్కువ.”

“మా అక్కనేమీ అనకండి బావగారూ,” అనేవాడు సుభాష్. అప్పటికి వాడు పలక పట్టిన పిల్లవాడు. తల్లి లేదు. రోజూ పొద్దున్నే వాణ్ణి పడవలో కూర్చోబెట్టుకుని ఏరు దాటించి బడికి పంపింది పాపారావే. ఏట్లో ఇసుకదిబ్బలు ఎక్కడున్నాయో గురుతులు చెప్పేవాడు. వాడు అన్నీ నేర్చుకుని టీచరయ్యాడు. అవతలి ఒడ్డున ఇల్లు కట్టాడు. ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెబుతాడు. మర్యాదస్తుడు. అతనితో పాపారావు మాట్లాడి చాలా ఏళ్లయింది.

ఎలీసమ్మ పోయింది వేసవిలో. జ్వరం అన్నారు, కామెర్లు అన్నారు, ఆసుపత్రికి తిప్పారు, తీసుకెళ్లిపొమ్మన్నారు. ఆరోజు ఏటి మీద గాలి. పాస్టరుగారు పడవెక్కడానికి భయపడ్డాడు. శవాన్ని అవతలి ఒడ్డుకు తీసుకొస్తే ప్రార్థన చేస్తానని కబురు పంపాడు.

“అది లంకలో పుట్టింది, లంకలో పోయింది. వాళ్ల నాన్న పక్కన పడుకుంటుంది,” అన్నాడు పాపారావు. “ఆయన్ని గట్టు మీదే కూర్చోమనండి.”

సుభాషే బైబిలు తీసి కీర్తన చదివాడు. మట్టి వేశారు. ఆ తరవాత పాపారావు ఆ చర్చి మెట్లెక్కలేదు. మెట్లే కాదు, ఆ వీధే తొక్కలేదు. పాస్టర్లు మారారు. అతను మారలేదు.

లంకవాళ్లకో ఆచారం ఉండేది. లంకలో రాయి నిలవదు, సిలువ నిలవదు. పెద్ద వరదొస్తే ఒండ్రు మేట వేసి అన్నిటినీ కప్పేస్తుంది. అందుకని మనిషిని పాతిన రోజే దగ్గరవాళ్లలో ఒకరు తలవైపు నిలబడి అవతలి ఒడ్డుకేసి చూసి గురుతు పట్టాలి. కదలని రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి కలవాలి. పడవవాళ్లు ఏట్లో దిబ్బను గురుతుపెట్టుకునే పద్ధతే ఇది. సమాధులన్నీ చింతచెట్టు దగ్గర మొదలై ఎగువ మొన వైపు ఒకే వరస. ఆ వరసన నడుచుకుంటూ పోతే, రెండూ కలిసిన చోట మనవాళ్లుంటారు. గురుతు పట్టినవాడు దాన్ని బయటపెట్టడు. తను పోయేముందు ఒక్కరికి చెబుతాడు, అంతే.

పాపారావు పట్టిన గురుతు ఇది: అవతలి గట్టు మీద ఒంటి తాడిచెట్టు, దాని వెనక చర్చి గోపురం. గోపురం మీది సిలువ సరిగ్గా తాడిమట్టల నడిమికి వచ్చిన చోట ఎలీసమ్మ తల.

ఆ తరవాత ఆ ఇంట్లో ఉండలేకపోయాడు. అంతర్వేది వైపు పోయి రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి కుదిరాడు. తర్వాతి ఏడు, రెండువేల ఆరులో, పెద్ద వరద వచ్చింది. లంక మునిగింది, ఊరు పోయింది. బతికినవాళ్లకి అవతలి ఒడ్డున కాలనీ ఇచ్చారు. నానిపోయిన చర్చిని పడగొట్టి కొత్తది కట్టారు. కొన్నాళ్లకు పాపారావు తిరిగొచ్చి కాలనీకి దూరంగా, ఎగువ రేవులో, ఏటిగట్టు మీద పాక వేసుకున్నాడు. పడవ కొన్నాడు. లంకకి వెళ్లి చూస్తే చింతచెట్టు తప్ప ఏదీ లేదు. సమాధులన్నీ ఒండ్రు కింద ఉన్నాయి. వరసన నడిచాడు. గోపురం, తాడిచెట్టు కలిసిన చోట ఆగాడు. అక్కడ కూర్చుని ఎవరూ చూడకుండా ఏడ్చాడు. గులకరాళ్లు తెచ్చి చుట్టూ పేర్చాడు.

సమాధుల పండగనాడు సుభాష్ కొవ్వొత్తులతో వచ్చాడు. రాళ్లు చూసి ఆగిపోయాడు.

“ఇక్కడ కాదేమో బావగారూ. ఇంకా మొన వైపుకి ఉండాలి.”

“గురుతు పట్టింది నువ్వా నేనా?”

“మీరేనండీ. కాని నాన్నని పెట్టింది మొన దగ్గర కదా. అక్క నాన్న పక్కనే...”

“మీ అక్క ఎక్కడ పడుకుందో నాకు తెలీదా? మొగుణ్ణి నేను.”

“నేను తమ్ముణ్ణి బావగారూ.”

అంతే. ఆ రోజుతో మాటలు పోయాయి. ప్రతి ఏడూ ఇద్దరూ వచ్చేవారు. ఒకరి వీపు ఒకరికి పెట్టి, ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ కొవ్వొత్తులు పెట్టేవారు. ఎలీసమ్మకి రెండు సమాధులని కాలనీవాళ్లు నవ్వుకున్నారు.

రెండువేల ఇరవై రెండు వరదకి మొన విరిగింది. సుభాష్ కొవ్వొత్తులు పెట్టే చోటు మొత్తం ఏట్లో పడిపోయింది. ఆరోజు పాపారావు గట్టు మీద నిలబడి చూశాడు. నవ్వాడు కూడా. మీ అక్క అక్కడే ఉందన్నావుగా, ఏదీ? అనుకున్నాడు. తరవాతి పండగలకి సుభాష్ లంకకి రాలేదు. ఓడిపోయాడు, మొహం చెల్లలేదు అనుకున్నాడు పాపారావు. తన రాళ్ల దగ్గర తను కూర్చుని, ఎలీసమ్మకు ఆ మాట కూడా చెప్పాడు.

*

ఈ మార్చిలో చింతచెట్టుకీ మొనకీ మధ్య నేల బీట తీసింది. బీట అతని రాళ్లను తాకుతూ పోయింది. గాయత్రి చూసి తల అడ్డంగా ఆడించింది.

“వచ్చే వరదకి ఇదంతా వెళ్లిపోతుందండి పాపారావు గారూ. ఈమధ్య కాలం సమాధులు మేము ముట్టుకోం. ఇంటివాళ్లు అడిగితే మాత్రం జాగ్రత్తగా తీసి ఇవ్వగలం. మీ ఇష్టం.”

అతను రెండు రోజులు ఆగాడు. ఆ తరవాత పి.గన్నవరం వెళ్లి పనస చెక్క తెచ్చాడు. పాక ముందు కూర్చుని తనే పెట్టె చేశాడు. నున్నగా చిత్రిక పట్టాడు. అటక మీంచి ఎలీసమ్మ చివరగా అల్లి, అంచు కట్టకుండా వదిలేసిన తుంగచాప దింపాడు. దాన్ని ఎలకల్నుంచీ చెమ్మనుంచీ కాపాడుతూ వచ్చాడు. దులిపి, పెట్టె అడుగున పరిచాడు. పాక పక్కన కొబ్బరిచెట్టు నీడలో చోటు చూశాడు. ఇక్కడికి ఏరు రాదు. గురుతులూ అక్కర్లేదు. పొద్దున్న తలుపు తీస్తే కనపడుతుంది.

“తియ్యండి,” అన్నాడు గాయత్రితో.

ఆ సంగతి చిట్టి కాలనీ అంతా చెప్పింది. బయల్దేరే పొద్దున రేవులో గొడుగు పట్టుకుని సుభాష్ నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పెట్టె వైపు చూశాడు.

“నేనూ రానా బావగారూ?”

“నీ చోటు పోయింది కదా,” అన్నాడు పాపారావు గెడ తీస్తూ. “నా చోటికి నువ్వెందుకు?”

సుభాష్ గొడుగు మూశాడు. మళ్లీ తెరిచాడు. అక్కడే నిలబడ్డాడు. పడవ కదిలింది.

“పెద్దాయన్నలా అనొచ్చా పెదనాన్నా?” అంది చిట్టి.

“అనొచ్చు.”

*

రాళ్లు తీశారు. గాయత్రి తాడు కట్టి, పొర తరవాత పొర కత్తి మందాన గీకించింది. ఇసుక రంగు పొర, నల్లటి పొర, మళ్లీ ఇసుక రంగు.

“పూతరేకుల్లా ఉన్నాయండి మేడంగారూ,” అంది చిట్టి.

గాయత్రి నవ్వలేదు. పొరలకేసి చూస్తూ ఉండిపోయింది. పాపారావు అది గమనించలేదు. అతను చింతచెట్టు నీడలో పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పెళ్లిచూపులకు వచ్చిననాడు కూర్చున్నట్టే ఉంది. ఆనాడూ ఇలాగే చెమట పట్టింది. లోపల్నుంచి తుంగ చీలుస్తున్న చప్పుడు ఆగింది. ఎలీసమ్మ నోట్లో కాడతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ‘కాడైనా తీసి రావే’ అని మామగారు కసిరాడు. ఆవిడ తీసి నవ్వింది. పన్ను మీద గాడి కనపడింది.

పొద్దెక్కింది. చాలా లోతుకు పోయారు. బ్రష్షు చప్పుడు ఆగింది.

“ఎముకలు కనపడ్డాయండీ,” అంది గాయత్రి నెమ్మదిగా. “కాసేపు అక్కడే ఉండండి.”

అతను ఉండలేదు. గోతి అంచుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల బయటపడింది. దవడలు, పళ్లు బయటపడ్డాయి. గాయత్రి ముందుకు వంగి తడి దూదితో ఒక పన్ను తుడిచింది.

“ఆడమనిషి. నలభై దాటిన వయసు.” ఆవిడ గొంతులో ఆశ్చర్యం. “పై పన్ను మీద గాడి ఉందండీ. ఎడమవైపు. నారో పీచో ఏదో ఏళ్ల తరబడి పంటికింద పెట్టి లాగుండాలి.”

“తుంగ,” అన్నాడు పాపారావు. “అదేనండీ. మా ఎలీసమ్మే. చెప్పేనా లేదా? చెప్పేనా చిట్టీ? ఇక్కడే ఉందని మొదట్నుంచీ మొత్తుకున్నానా లేదా? పిలండి వాణ్ణి. సుభాష్‌ని పిలండి, వచ్చి చూసుకోమనండి!”

చిట్టి గాయత్రి మొహంలోకి చూసింది. గాయత్రి గోతిలోంచి పైకొచ్చి అతని పక్కన నేలమీద కూర్చుంది.

“పాపారావు గారూ, ఎలీసమ్మ గారిని ఎలా పడుకోబెట్టేరండీ?”

“ఎలా ఏవిటండీ? వెల్లకిలా. టేకు పెట్టెలో. మేకులు నేనే కొట్టేను.”

“ఈవిడ పక్కకి తిరిగి ఉంది. మోకాళ్లు ముడిచి ఉంది. తల దగ్గర చూడండి, ముంత. మేకులు లేవు.” ఆవిడ ఆగి గోతి గోడ చూపించింది. “పై పొరలన్నీ ఎక్కడా తెగలేదండి. ఒకసారి తవ్వి పూడ్చిన మన్ను మళ్లీ ఇలా పొరలు కట్టదు. ఈవిణ్ణి పెట్టేక ఈ చోట ఎవరూ పలుగు వెయ్యలేదు. వందల ఏళ్లు. పొద్దున్నే అనుమానం వచ్చింది. తేలేదాకా చెప్పకూడదని ఊరుకున్నాను.”

“మరి పన్ను?”

“మా అమ్మకీ ఉండేది పెదనాన్నా పన్ను మీద గాడి,” అంది చిట్టి మెల్లగా. “మా నాయనమ్మకీ ఉండేది. లంక ఆడోళ్లందరికీ ఉండేది కదా. నువ్వు మా పెద్దమ్మదొక్కదాన్నే చూసేవు.”

పాపారావు ఆ పన్ను కేసి చూశాడు. గుమ్మంలో నిలబడి నవ్వినట్టే ఉంది. అయితే ఇన్నేళ్లూ తను కష్టం చెప్పుకున్నది ఈవిడకా? వానలొస్తే రాళ్లు సరిచేసింది, పండగనాడు కొవ్వొత్తి పెట్టింది, సుభాష్ ఓడాడని చెప్పి నవ్వింది ఎవరి దగ్గర?

“గురుతు తప్పదు,” అన్నాడు లేచి. అంతవరకూ ఎవరికీ చెప్పనిది బయటికి అనేశాడు. “చూడండి మేడంగారూ. అదుగో తాడిచెట్టు. దానెనక చర్చి గోపురం. సిలువ మట్టల నడుమ ఉందా లేదా? ఇదే చోటు. చెట్టు కదలదు, గోపురం కదలదు.”

చిట్టి నోరు తెరిచింది. మూసింది. జీవితంలో మొదటిసారి ఆ మనిషి మాటకోసం తడుముకుంది.

“పెదనాన్నా... ఆ గోపురమా?”

“మరేది?”

“అది కొత్తది కదా. పాత గోపురం దిగువ మూల ఉండేది. వరద తరవాత పడగొట్టేసి కట్టినప్పుడు, రోడ్డు ఎగువ వైపు పడిందని గోపురం అటు మూలకి మార్చేరు. నువ్వు చూళ్లేదా?”

పాపారావు చూడలేదు. చర్చిని పడగొట్టి కట్టారని తెలుసు. పాత పునాది మీదే కట్టారనుకున్నాడు. ఆ వీధి తొక్కి ఉంటే తెలిసేది. ఒక్క ఆదివారం, ఒక్క పెళ్లికి, ఎవరి చావుకైనా ఒక్కసారి వెళ్లి ఉంటే తెలిసేది. నీళ్ల మీంచి చూసేవాడికి గోపురం గోపురమే.

“పాతది ఎక్కడుండేదే?”

“ఇప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది చూడు, అక్కడ.”

అతను ట్యాంకు చూశాడు. తాడిచెట్టు చూశాడు. వరసన ఎగువకు నడవడం మొదలుపెట్టాడు. ట్యాంకు మెల్లగా జరుగుతూ తాడిచెట్టు వైపు వస్తోంది. ఇంకా నడిచాడు. బీట దాటాడు. ట్యాంకు తాడిచెట్టుకు దగ్గరైంది, కాని కలవలేదు. లంక అయిపోయింది. విరిగిన అంచు కింద ఏరు సుడి తిరుగుతోంది. ట్యాంకు, తాడిచెట్టు కలిసే చోటు ముందుంది, నీళ్ల మీద.

సుభాష్ కొవ్వొత్తులు పెట్టే చోటు సరిగ్గా అదే.

మొన విరిగిన రోజున ఎలీసమ్మ వెళ్లిపోయింది. అవతలి గట్టు మీద నిలబడి తను చూశాడు. చూసి నవ్వాడు.

వెనకనుంచి గాయత్రి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. “అంచు గట్టిగా లేదండి. ఇవతలకి రండి.”

అతను వచ్చాడు. చింతచెట్టు దగ్గర ఖాళీ పెట్టె ఉంది. చాలాసేపు దాని పక్కన కూర్చున్నాడు. కూలీలు అన్నాలు తిన్నారు. చిట్టి అతనికి మజ్జిగ తెచ్చి పెట్టింది. తాగలేదు.

“ఈవిణ్ణి ఏం చేస్తారు?” అని అడిగాడు చివరికి.

“తీసుకెళ్తామండి. ఎక్కడ పుట్టిందో, ఏం తిన్నదో, ఏం జబ్బు చేసిందో చూస్తాం. ఈ పన్ను మాకు చాలా పెద్ద సంగతి. వందల ఏళ్ల కిందట కూడా ఈ లంకలో ఇదే పని చేసేవారని ఇన్నాళ్లూ ఆధారం లేదు.”

“దేన్లో తీసుకెళ్తారు?”

“మా దగ్గర ప్లాస్టిక్ డబ్బాలున్నాయండి.”

పాపారావు పెట్టెను ఆవిడ వైపు తోశాడు.

“ఇందులో పెట్టండి. కింద చాప ఉంది, తియ్యకండి. తుంగ పని తెలిసిన మనిషి, చాప విలువ తెలుస్తుంది.”

గాయత్రి ఏదో అనబోయింది. ఎముకలకి చెమ్మ తగలకూడదనో ఏదో. అనలేదు. “ఆయ్, అలాగేనండీ,” అంది. లంకవాళ్లనే ఆ ‘ఆయ్’ ఆవిడ నోట వినడం అతనికి అదే మొదలు. ఎముకల్ని ఒక్కొక్కటీ పల్చటి కాగితంలో చుట్టి చాప మీద పెట్టింది. తలను ఆఖరున పెట్టింది. పాపారావు మూత వేశాడు. మేకు కొట్టలేదు.

*

ఎండ చల్లారే వేళకి పడవ రేవుకు వస్తోంది. సుభాష్ ఇంకా అక్కడే ఉన్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. పడవలో పెట్టె చూసి మెట్లు దిగి నీళ్లలోకి వచ్చాడు. పంచె తడిసింది. గాయత్రీ చిట్టీ పెట్టె పట్టుకున్న తీరు చూస్తే లోపల ఏదో ఉందని తెలుస్తూనే ఉంది. అతని మొహం పిల్లవాడి మొహంలా విచ్చుకుంది.

“దొరికిందా బావగారూ? అక్క దొరికిందా?”

పాపారావు అతని మొహంలోకి చూశాడు. ఓడిపోయినవాడి మొహం కాదది. తను ఓడిపోవాలని కోరుకుంటున్నవాడి మొహం. మొన విరిగిన నాటినుంచీ తన మాట తప్పు కావాలని, బావ మాటే నిజం కావాలని దేవుడికి మొక్కుకుంటున్న మనిషి. అందుకే లంకకి రావడం మానేశాడు.

దొరికిందని ఒక్క మాట అంటే సరిపోతుంది. అడగడానికి ఎవరున్నారు? చిట్టి నోరు కూడా నొక్కెయ్యొచ్చు. పాపారావు గెడ నేలకు ఆనించి పట్టుకున్నాడు.

“లేదురా,” అన్నాడు. “నువ్వన్న చోటే.”

సుభాష్‌కి ముందు అర్థం కాలేదు. అయ్యాక నీళ్లలోనే మెట్టు మీద కూలబడ్డాడు. గొడుగు తేలుకుంటూ పోయింది. చిట్టి దాన్ని పట్టుకుంది.

“నేను తప్పు చెప్పేననుకున్నాను బావగారూ,” అన్నాడు. “తప్పే అయ్యుండాలనుకున్నాను. మీతో ఆ మాట అందామని ఎన్నిసార్లో ఆ గట్టు మీదకి వచ్చేను. పాకలో దీపం చూసి వెనక్కి పోయేవాణ్ణి.”

“రాకపోవడమే మంచిదైంది. వస్తే తిట్టేవాణ్ణి.”

గాయత్రీ చిట్టీ పెట్టెను జాగ్రత్తగా దింపి జీపు వైపు తీసుకెళ్లారు. పాపారావు అటు చూడలేదు. పడవను మళ్లీ ఏటి వైపు తిప్పాడు.

“పడవెక్కు.”

“ఎక్కడికండీ?”

“పాత గోపురం ఎక్కడుండేదో నీకు బాగా తెలుసు కదా. ఆ ట్యాంకుకి కుడిపక్కా, ఎడంపక్కా?”

సుభాష్ కళ్లు తుడుచుకుని చూశాడు. “ట్యాంకు మెట్లున్నాయి చూడండి, సరిగ్గా అక్కడ.”

“అయితే నువ్వు మెట్లు చూడు. నేను తాడిచెట్టు చూస్తాను. రెండూ కలిసిన చోట మీ అక్క. ఈ గురుతు ఒక్కడికే చెప్పాలి. నీకు చెప్పేను. అంతే.”

సుభాష్ తడి పంచె పిండుకుని పడవెక్కాడు. చిన్నప్పుడు కూర్చునే చోటే, ముందు బల్ల మీద కూర్చున్నాడు. అప్పుడు వాడి ఒళ్లో పలకా బలపం ఉండేవి. పాపారావు గెడ వేశాడు. వేసవి నీళ్లు తేటగా, అడుగున ఇసుక కనపడుతూ ఉన్నాయి. విరిగిన మొన చుట్టి ఎదురెక్కారు.

“ఇక్కడేననుకుంటా,” అన్నాడు పాపారావు.

“ఇంకొంచెం ఎగువకి బావగారూ.”

“పడవెవరిది?”

“మీదేనండీ.”

“అయితే నోరు మూసుకుని కూర్చో.”

అని, ఇంకొంచెం ఎగువకి వేశాడు. ట్యాంకు మెట్లు జరిగి జరిగి తాడిమట్టల నడిమికి వచ్చాయి. పాపారావు గెడ నిలువుగా దింపి నేలలో గుచ్చి పడవ ఆపాడు. లోతు పెద్దగా లేదు.

సుభాష్ వంగి చెప్పులు విప్పాడు.